మూడు గీతలు

ఎండబెట్టే యంత్రం ఆగి, తువ్వాళ్ళు వేడివేడిగా బయటికొచ్చే ఆ ఒక్క నిమిషం కోసం ఆర్డిస్ శుక్రవారమంతా ఎదురుచూసేది. పైనున్నది తీసి మొహానికి అదుముకుంటే, సబ్బు వాసనా వేడీ కలిసి, ఎవరో ఇప్పుడే నుదుటి మీద చెయ్యి వేసినట్టుండేది. బయట ఫిబ్రవరి మంచు కిటికీ సగందాకా పేరుకుపోయింది. హాలెక్ కాలేజీ వ్యాయామశాల అడుగున, బాయిలరు పక్కనున్న ఈ సామాను గదికి మించి హాయైన చోటు ఐయోవా మొత్తంలో లేదని ఆమె నమ్మకం. మగవాళ్ళంతా యుద్ధానికి వెళ్ళాక ఆ గది తాళాలు ఆమె చేతికొచ్చాయి. వాటితోపాటు బంతులు, జెర్సీలు, సూదులు, దారాలు, మూడు స్టాప్‌వాచ్‌లు.

సగం తలుపు మీద ఎవరో వేళ్ళతో తట్టారు.

"మిసెస్ సెడర్‌హోమ్ గారూ, దీనికింక కుట్టు ఆగేట్టు లేదండీ."

మినోరు హమాగుచి. బాటనీ చదువుతున్నాడు. పోయిన సెప్టెంబరులో, జపాను మూలాలున్నవాళ్ళని నిర్బంధించిన అరిజోనా ఎడారి శిబిరం నుంచి ఒక పెట్టె, ఒక అనుమతి కాగితం పట్టుకుని వచ్చాడు. వాళ్ళ అమ్మానాన్నా ఇంకా ఆ కంచె లోపలే ఉన్నారు. కోచ్ నోరు తిరగక అతన్ని 'మిన్' చేసేశాడు.

ఆర్డిస్ బూటు తిరగేసి చూసింది. మేకుల పలక అట్టలోంచి ఊడి వేలాడుతోంది.

"రేపు పరుగు పెట్టుకుని ఇవాళా తేవడం? ఇన్నాళ్ళూ ఎలా పరిగెత్తావు?"

"తాడు కట్టి."

"ఏం తాడు?"

"టమాటా మొక్కల్ని కర్రకి కట్టే తాడు. మా ల్యాబులోది. ఎవరికీ చెప్పకండి, నన్ను మొక్కల దొంగ అంటారు."

ఆమె నవ్వుకుంటూ అరలన్నీ వెతికింది. మేకుల బూట్లు తయారుచేయడం మానేసి రెండేళ్ళయింది. తోలూ ఉక్కూ యుద్ధానికే పోతున్నాయి. ఉన్నవి పన్నెండో నంబరువి, లేకపోతే ఆరో నంబరువి. చివరికి స్టూలెక్కి పై అరలోంచి ఒక అట్టపెట్టె దించింది. మూత మీద సిరాతో ఆర్.ఎస్. అని ఉంది. లోపల బూట్లు మెత్తగా మెరుస్తున్నాయి. ప్రతి నెలా ఒకటో తారీకున వాటికి నూనె రాసేది. ఆ పని కోసం కూడా ఎదురుచూసేది.

మిన్ ఆ అక్షరాలు చూసి వెనక్కి జరిగాడు. "వద్దండీ. అవి ఆయనవి."

"ఆయనవే. వాడకపోతే బిగుసుకుపోతాయి. వేసుకో."

"ఇవి వేసుకుని ఆయన కంటే ముందొచ్చేస్తేనో?"

"వచ్చి చూపించు. నేనూ చూస్తాను!"

అతను నేల మీద కూర్చుని వేసుకున్నాడు. సరిగ్గా సరిపోయాయి. వేళ్ళు కదిపి చూసి, పిల్లాడిలా నవ్వాడు. ఆర్డిస్‌కి కూడా ఎందుకో సంతోషమేసింది. తన భర్త రాయ్ బూట్లలో మళ్ళీ కాళ్ళు కదిలాయి.

అతను వెళ్ళాక కోచ్ ప్రుయిట్ వచ్చాడు. "అమ్మాయ్, రేపు మూడో గడియారం నువ్వే పట్టుకోవాలి. ఎప్పుడూ పట్టుకునే గుమాస్తాకి సైన్యం నుంచి పిలుపొచ్చింది."

"నేనా? నాకేం తెలుసని?"

"బొటనవేలుంది కదా, చాలు. తుపాకీ చప్పుడు వినకు, పొగ చూసి నొక్కు. గుండె ముగింపు దారానికి తగిలినప్పుడు మళ్ళీ నొక్కు. ముందు చీటీ మీద రాయి, తర్వాతే నోరు తెరువు. మూడింట్లో రెండు గడియారాలు ఏకమైతే అదే లెక్క, దాన్ని దేవుడు కూడా మార్చలేడు. మిగతా ఇద్దరు ప్రొఫెసర్ టిస్‌డేల్, మందుల షాపు బ్రాండ్. నీకేం భయంలేదు."

అయిదింటికి ఆమె పైకి వెళ్ళేసరికి అత్తగారు హుల్డా రోజూలాగే హాల్లో నిలబడి ఉంది. చర్చిలో గాయాలకి కట్టే గుడ్డలు చుట్టే పని ముగించుకుని, ఇంటికి దారి కాకపోయినా ఇటు తిరిగి వస్తుంది. గోడ మీద నల్లటి చెక్క పలక. దాని మీద బంగారు రంగు అక్షరాలు: ఏ పరుగులో కాలేజీ రికార్డు ఎవరిదో, ఏ ఏడాదో. ఆ అక్షరాలు రాసింది ఆర్డిస్ నాన్న. ఆయన పోయాక కుంచెలు ఆమెకొచ్చాయి. మైలు వరసలో రాయ్ సెడర్‌హోమ్, 1942. నాలుగు నిమిషాల ఇరవయ్యొక్క సెకన్ల మీద రెండు గీతలు. గడియారంలో ఒక్కో సెకనుకి అయిదు గీతలుంటాయి.

"ధూళి పట్టింది పిల్లా," అంది హుల్డా.

"రేపు తుడుస్తాను అత్తయ్యా."

నవంబరులో టెలిగ్రాం వచ్చింది. ఓడ మునిగిందని, రాయ్ ఆచూకీ తెలియలేదని. ఉన్నాడనీ లేదు, లేడనీ లేదు. కొడుకు యుద్ధంలో ఉన్న ఇళ్ళ కిటికీల్లో నీలి నక్షత్రం కడతారు, పోతే దాన్ని తీసి బంగారుది కడతారు. హుల్డా కిటికీలో ఇంకా నీలిదే ఉంది.

"ఆ పేరు అక్కడున్నంత కాలం వాడున్నట్టే," అంది, కోటు గుండీ పెట్టుకుంటూ. ప్రతిరోజూ అనే మాటే.

పందెం రోజు మధ్యాహ్నం లోపలి మైదానం మట్టికి నీళ్ళు చల్లారు. తడి మట్టి వాసనకి ఆర్డిస్‌కి ఏప్రిల్ నెల ముందే వచ్చినట్టనిపించింది. వాచ్ తాడు మెళ్ళో వేసుకుని, చీటీ, పెన్సిలు జేబులో పెట్టుకుని, ముగింపు గీత పక్కన మెట్ల బల్ల మీద నిలబడింది. కింది మెట్టు మీద బ్రాండ్ ఉన్నాడు, పై మెట్టు మీద టిస్‌డేల్. ఆయన కెమిస్ట్రీ చెప్పే ముసలాయన, కోటు జేబుల నిండా సుద్దముక్కలు. పై వరండాలో, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని హుల్డా కూర్చుంది. ఇలాంటి పందెం ఏదీ ఆమె వదిలిపెట్టదు.

ఎదుటి కాలేజీ వాళ్ళంతా నేవీ శిక్షణలో ఉన్న కుర్రాళ్ళు. మెడలు బలంగా ఉన్నాయి. హాలెక్ తరఫున మిగిలింది పాదిరీ చదువు చదివేవాళ్ళు, చూపు ఆనని వాళ్ళు, మిన్.

అతను గీత దగ్గరికి రాగానే అటువైపు వరసల్లోంచి ఒక గొంతు లేచింది. "ఓయ్, టోక్యో దారి అటు కాదు!"

నవ్వులు. "తుపాకీ పేలిస్తే లొంగిపోతాడేమో చూడండ్రా!" ఇంకా నవ్వులు. హాలెక్ వైపు వాళ్ళు కూడా కొందరు నవ్వారు. మిన్ వంగి బూటు ముడి సరిచేసుకున్నాడు. ముడి సరిగ్గానే ఉంది.

పొగ లేచింది. ఆర్డిస్ బొటనవేలు దిగింది.

పది చుట్లు. మొదటి నాలుగు చుట్లూ మిన్ ముగ్గురు నేవీ కుర్రాళ్ళ వెనక, వాళ్ళ మేకులు ఎగరేసే మట్టి మొహాన పడుతుంటే, తల కొంచెం పక్కకి పెట్టి పరిగెత్తాడు. అయిదో చుట్టులో ఒకణ్ణి దాటాడు. మలుపు దగ్గర ఎవడి మోచెయ్యో అతని డొక్కలో దిగింది. తూలి, రెండడుగులు బయటికి పోయి, మళ్ళీ గాడిలో పడ్డాడు. ఏడో చుట్టులో ఇంకొకణ్ణి దాటాడు. చివరి చుట్టు గంట మోగేసరికి ముందు ఎవరూ లేరు. అప్పుడు ఆ కాళ్ళు వేగం పెంచాయి. ఆ బూట్లు ఆర్డిస్‌కి ఎంత తెలుసంటే, అడుగు పడకముందే చప్పుడు వినిపించింది. గొంతు చించుకుని అరుస్తున్నది తనేనని ఆమెకి ఆలస్యంగా తెలిసింది.

దారం తెగింది. నొక్కింది.

ముల్లు ఇరవై దాటి నాలుగో గీత మీద ఆగింది. ఆమె వేళ్ళు వాటంతటవే చీటీ మీద రాశాయి. 4-20-4. రాశాక చదివింది.

మూడు గీతలు. రాయ్ లెక్క కంటే అంతే తక్కువ, చీమ తల వెడల్పు కూడా లేవు.

కోచ్ బల్ల దగ్గరికొచ్చాడు. గుంపు గోల తగ్గింది. "ఎంత? ముందు నువ్వు చెప్పు ఆర్డిస్."

ఆమె తల ఎత్తింది. పై వరండాలో హుల్డా లేచి నిలబడింది. సంచీ కింద పడినట్టుంది, తీసుకోలేదు. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ముందుకి వంగి ఉంది.

"నాకు... చివర్లో నొక్కడం తప్పిపోయింది కోచ్."

బొటనవేలు మీట మీదికెళ్ళింది. టిక్. ముల్లు ఎగిరి సున్నా దగ్గర పడింది.

టిస్‌డేల్ తన గడియారం చూశాడు. ఆర్డిస్ మొహం చూశాడు. మళ్ళీ గడియారం చూశాడు. "నాది ఆగిపోయిందయ్యా," అన్నాడు మెల్లగా. "చలికి కాబోలు."

"అయితే నాదొక్కటే," అన్నాడు బ్రాండ్. అతని చీటీ మీద ఏమీ రాసి లేదు. "ఇరవై రెండు. సరిగ్గా."

బాకాలో ప్రకటించారు. మైలు: హమాగుచి, హాలెక్. నాలుగు నిమిషాల ఇరవై రెండు. కాలేజీ రికార్డు రాయ్ సెడర్‌హోమ్ పేరనే ఉంది. అప్పుడు చప్పట్లు మోగాయి. రెండు వైపులా లేచి నిలబడి కొట్టారు.

మిన్ మోకాళ్ళ మీద చేతులాన్చి వంగి ఉన్నాడు. ప్రకటన విని తలెత్తి బల్ల మీది ముగ్గురినీ వరసగా చూశాడు. ఎవరికో మర్యాదకన్నట్టు తలూపాడు. కూర్చుని బూట్లు విప్పి, ఆ తడి మట్టిలో మేజోళ్ళతోనే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. బూట్లు చేతిలో ఉన్నాయి.

ఆదివారం చర్చి బయట మందుల షాపు బ్రాండ్ టోపీ తీసి ఆర్డిస్ చెయ్యి పట్టుకున్నాడు. "మంచిపని చేశావమ్మా."

"నేనేం చేశాను?"

"ఏం చెయ్యలేదు. అదే." కన్ను గీటాడు. "మన కుర్రాడు సముద్రంలో ఉంటే, వాళ్ళ పేరు మన గోడ మీదా? ఊరు ఊరుకుంటుందా?"

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుని గ్లవ్ తొడుక్కుంది. రెండు వేళ్ళు ఒకే తొడుగులో దూరి, మళ్ళీ తీసి మళ్ళీ తొడగాల్సి వచ్చింది.

ఇంటికొచ్చేసరికి హుల్డా కేకు చేసి ఉంచింది. రేషను చక్కెర రెండు నెలలుగా సీసాలో దాస్తోంది. రాయ్ పుట్టినరోజుకని.

"ఇంకా మూడు వారాలుంది కదా అత్తయ్యా?"

"ఉంటే ఉంది. నిన్న రాత్రి నిద్రపట్టింది నాకు. నవంబరు తర్వాత ఇదే మొదలు. చేశాను. కూర్చో."

ఆర్డిస్ కూర్చోకుండా వెన్న పని పెట్టుకుంది. అసలు వెన్న ఎక్కడిది, తెల్లటి మార్గరీన్ ముద్దలో పసుపు రంగు పొడి వేసి పిసకడమే. ఎప్పుడూ ఆ పని ఆమెకి ఆటలా ఉండేది. ముందు నారింజ రంగు చారలు, తర్వాత పాలరాయిలా, తర్వాత ఒక్కసారిగా ముద్దంతా ఎండలో పెట్టినట్టు పచ్చగా అయ్యేది. పెళ్ళయి కలిసున్న పదకొండు రోజుల్లో ఒకసారి రాయ్ గిన్నెలో చెయ్యి పెట్టి ఆమె ముక్కుకి రాశాడు. ఇవాళ ఆమె పిసుకుతూనే ఉంది. చారలన్నీ పోయాయి. అయినా పిసికింది.

"చాల్లే, దాన్ని చంపుతావా?" అంది హుల్డా. ఆమె గొంతులో నవ్వుంది. ఆ నవ్వు విని ఆర్డిస్ గిన్నె మీద ఇంకా కిందికి వంగింది.

కేకు మెత్తగా, తియ్యగా ఉంది. ఇంత చక్కెర నోట్లో పడి ఏడాదయింది. ఒక్క ముద్ద గొంతు దిగడానికి మూడు గుక్కల నీళ్ళు తాగింది.

సోమవారం ఊరి పేపర్లో రెండు వాక్యాలు వచ్చాయి. మైలు పరుగు హాలెక్ గెలిచిందని, సెడర్‌హోమ్ రికార్డు చెక్కుచెదరలేదని. గెలిచినవాడి పేరు లేదు.

సోమవారాలు గడియారాలు పరీక్షించే రోజు. ఆర్డిస్ మూడింటికీ కీ ఇచ్చి, బల్ల మీద వరసగా పెట్టి, గోడ గడియారం చూసి మూడింటినీ నొక్కేది. పది నిమిషాల తర్వాత చూసి పుస్తకంలో రాసుకునేది. ఇవాళ తనది సరిగ్గా ఉంది. బ్రాండ్ పట్టుకున్నది ఒక గీత వెనక. చలికి ఆగిందన్నది టిస్‌డేల్‌ది. అది సరిగ్గా ఉంది.

దాన్ని తీసుకెళ్ళి కిటికీ బయట మంచులో పెట్టింది. పది నిమిషాలు. తెచ్చి చూసింది. అద్దం మీద మంచు పట్టింది, ముల్లు మాత్రం ఒక్క గీత కూడా తప్పలేదు.

వాచ్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడి ఉండగా సగం తలుపు మీద వేళ్ళ చప్పుడయింది.

మిన్ బూట్లు తిరిగిచ్చాడు. మేకుల మధ్య మట్టి కణం లేదు, అగ్గిపుల్లతో తీశాడు కాబోలు. తోలుకి వాసెలిన్ పట్టించాడు. రెండింటినీ కలిపి సన్నటి తాడుతో ముడేశాడు.

"వచ్చేవారం పందెం ఉంది కదా. ఉంచుకో," అంది ఆమె, అతని వైపు చూడకుండా.

"నేనుండనండీ. బుధవారం రైలుకి వెళ్తున్నాను. సైన్యం నుంచి కాగితం వచ్చింది."

"సైన్యమా? నిన్నా?"

"నన్నే. మొన్నటిదాకా పనికిరావన్నారు. ఇప్పుడు కావాలట." నవ్వాడు. "మధ్యలో రెండ్రోజులు ఇంటికి వెళ్ళొచ్చన్నారు. ఇల్లంటే శిబిరమే. లోపలికి వెళ్ళేటప్పుడు పెట్టె వెతుకుతారు, బయటికొస్తే తుపాకీ ఇస్తారు. నాన్నకి ఈ సంగతి ఇంకా రాయలేదు. మైలు గెలిచానని మాత్రం రాశాను."

ఆమె పెట్టె మూత తీసింది. బూట్లు లోపల పెట్టడం మర్చిపోయి మూత మళ్ళీ పెట్టింది.

"ఒకటి అడగొచ్చా? కోప్పడకండి." అతను సగం తలుపు అంచుని గోటితో గీకాడు. "నేను లోపల లెక్కపెట్టుకుంటాను. స్ట్రాబెర్రీ తోటలో ఒక్కో వరస ఎంతసేపట్లో అవుతుందో నాన్న అలా నేర్పాడు. గడియారం కొనక్కర్లేదని. నా లెక్క ఎప్పుడూ అర సెకను తప్పదు. ఆ రోజు ఇరవైకీ ఇరవయ్యొకటికీ మధ్య వచ్చింది. అలసిపోయి తప్పు లెక్కపెట్టానంటారా?"

బాయిలరు గొట్టంలో నీళ్ళు గుడగుడలాడాయి. జేబులో చీటీ ఉంది. పందెం రోజు నుంచీ అక్కడే ఉంది.

"అలసిపోతే లెక్క తప్పుతుంది," అంది ఆర్డిస్.

"అదే అనుకున్నాను." అతను తలూపాడు. "బూట్లు చాలా బాగున్నాయండీ. ఆయనొచ్చాక చెప్పండి."

అడుగుల చప్పుడు మెట్లెక్కి పోయింది. ఆమె బూట్లు చేతిలోకి తీసుకుంది. తాడు టమాటా మొక్కలకి కట్టేది. రేపు ఎవరైనా విప్పేటప్పుడు ఇబ్బంది పడకూడదని, ఒక కొస లాగితే ఊడిపోయేట్టు వేశాడు ముడి. ఆమె కొస లాగింది. ఊడిపోయింది. మళ్ళీ వెయ్యడం ఆమెకి రాలేదు.

టిస్‌డేల్ ల్యాబులో గాజు గొట్టాలు కడుగుతున్నాడు. ఆర్డిస్ వాచ్ బల్ల మీద పెట్టింది. "ఇది ఆగలేదు ప్రొఫెసర్ గారూ."

ఆయన చేతులు తుడుచుకుని, అరలోంచి ఒక పాత నోటుపుస్తకం తీసి, మధ్యలో ఉన్న చీటీ ఆమె ముందుంచాడు. 4-20-4. ఆమె తన చీటీ తీసి దాని పక్కన పెట్టింది. రెండు చేతిరాతలు, ఒకే అంకె.

"నలభై ఏళ్ళలో నేను చూసిన అంకె దాచడం ఇదే మొదటిసారి," అన్నాడు ఆయన.

"ఎందుకు దాచారు?"

"నీ మొహం చూశానమ్మా."

"నేను మా అత్తయ్య మొహం చూశాను."

ఆయన కళ్ళజోడు తీసి, తుడవాల్సిన అవసరం లేకపోయినా తుడిచాడు. తన చీటీని ఆమె చీటీ మీదికి జరిపాడు. "తీసుకెళ్ళు. నేనూ వస్తాను కోచ్ దగ్గరికి. ఒక్కదానివే ఎందుకు మాటలు పడటం."

మంగళవారం పొద్దున కాఫీ దగ్గర ఆర్డిస్ చెప్పేసింది. ఒకే ఊపిరిలో, అన్నీ.

హుల్డా కప్పు కింద పెట్టలేదు. "ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు."

"మరి నోరు మూసుకో. ఆ పిల్లాడికి తెలియదు, ఊరికి అక్కర్లేదు. నా కొడుక్కి సమాధి కూడా లేదు పిల్లా. ఉన్నదల్లా ఆ చెక్కముక్క."

"సమాధి ఎందుకత్తయ్యా? కిటికీలో నక్షత్రం నీలిదే కదా."

కప్పు బల్లకి తగిలి కాఫీ ఒలికింది. "ఆ మాట అనకు. నువ్వు అనకు. పదకొండు రోజుల పెళ్ళాం, నీకేం తెలుసు వాడి గురించి? వాడు మొదటి అడుగు వేసింది ఈ వంటింట్లో. నేను చూశాను."

ఆర్డిస్ గుడ్డ తెచ్చి కాఫీ తుడవబోయింది. హుల్డా గుడ్డ లాక్కుని తనే తుడిచింది. ఒలికిన చోటూ ఒలకని చోటూ బల్లంతా తుడిచి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

కోచ్ రెండు చీటీలూ కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. "ఊళ్ళో ఏమంటారో ఆలోచించారా ఇద్దరూ?"

"రెండు గడియారాలు ఏకమైతే ఏమవుతుందో మీరే చెప్పారు," అంది ఆర్డిస్.

"చెప్పానులే." ఆయన సంతకం పెట్టాడు. పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు. "నీ కోసమే నేను ఊరుకున్నానమ్మాయ్. ఆ బ్రాండ్ ఇరవై రెండు అన్నప్పుడే నాకు తెలుసు. నాకూ కళ్ళున్నాయి." నిచ్చెన ఉన్న గది తాళం బల్ల మీదుగా తోశాడు. "నేను అటు రాను."

మిన్ అద్దాల గదిలో మొలకలకి కర్రలు పాతుతున్నాడు. లోపల వెచ్చగా, ఆకుపచ్చ వాసన. ఇంకో రోజయితే ఆమె అక్కడే గంటసేపు ఉండిపోయేది. కాగితం, పెన్సిలు చాపింది.

"నీ పేరు పూర్తిగా రాసివ్వు. అక్షరాలు తప్పకుండా."

"ఎందుకండీ?"

"నీ లెక్క తప్పలేదు. ఇరవై మీద నాలుగు గీతలు. నా గడియారం చూపించింది. అబద్ధం చెప్పాను. ఆ రోజు చెప్పాను, నిన్నా చెప్పాను."

అతను చేతిలోని కర్రని మట్టిలో నెమ్మదిగా దించాడు.

"నిన్న నేను అడిగాను మిమ్మల్ని."

"అడిగావు."

"ఊరు కాదంది, ఇల్లు తీసేసుకున్నారు. అన్నిటికీ అలవాటు పడ్డాను. నిన్న మీ గదిలోంచి వెళ్ళాక, నా లెక్క మీద కూడా నాకు నమ్మకం పోయింది. రాత్రంతా గడియారం ముందు కూర్చుని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకున్నాను, పిచ్చివాడిలా." గొంతు పెంచలేదు. "అది తీసుకున్నారు మీరు."

అతను మట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకుని, కాగితం తొట్టి అంచు మీద పెట్టి రాశాడు. రాసి, చూసుకుని, ఇచ్చాడు. థాంక్స్ చెప్పలేదు. ఆమె తలుపు దాకా వెళ్ళాక అన్నాడు, "అక్షరాలు ఎక్కువ. పడతాయా?"

"పట్టిస్తాను."

మధ్యాహ్నం నిచ్చెన వేసి పలక తుడిచింది. మైలు వరస మీద నల్లరంగు ఒక పూత వేసింది. రాయ్ పేరు వెంటనే పోలేదు. బంగారు రంగు నలుపులోంచి మసగ్గా కనపడుతూనే ఉంది. రెండో పూత వేసింది. అప్పుడు పోయింది. అమ్మాయిల గుంపొకటి క్లాసుకి వెళ్తూ ఆగి చూసింది. వాళ్ళలో ఒకతె అడిగింది, "ఎవరి పేరు చెరిపేస్తున్నారు?"

"మాదే," అంది ఆర్డిస్. వాళ్ళు చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయారు.

ఆరేదాకా కింద కూర్చుని జెర్సీలకి గుండీలు కుట్టింది. వేలికి రెండుసార్లు సూది గుచ్చుకుంది. అయిదు కావస్తుండగా నాన్న రంగు డబ్బా తెరిచింది. అడుగున గోరెడు మందాన బంగారు రంగు మిగిలి ఉంది. యుద్ధం అయ్యేదాకా ఇంకెక్కడా దొరకదు. సుద్ద తాడు లాగి రెండు గీతలు కొట్టింది. అక్షరాలు లెక్కపెట్టి, మధ్య నుంచి అటూ ఇటూ కొలిచి, చుక్కలు పెట్టింది. నిచ్చెన మూడో మెట్టెక్కింది. హాలు నేల పాతది, ఎగుడుదిగుడు. నిచ్చెన ఒక కాలు ఆనక ఊగింది. చెయ్యి ఆనించే కర్ర గోడకి పెట్టి, కుంచె ముంచి ఎత్తింది. ఊగుడుకి కుంచె కొస వణికింది. దించేసింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ దించింది.

తలుపు తెరుచుకున్న చప్పుడయింది. ఆ అడుగులు తెలుసు. తిరిగి చూడలేదు.

హుల్డా ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది. నల్లటి ఖాళీ వరస ఆమెకి సరిగ్గా ఎదురుగా ఉంది.

"ఎంత తేడా?" అంది.

"మూడు గీతలు."

"అంటే?"

ఆర్డిస్ కుంచె కర్రతో గోడ మీద మెల్లగా ఒకసారి తట్టింది. "ఇంతసేపు."

హుల్డా ఆ చప్పుడు విన్నది. అది అయిపోయాక కూడా వింటున్నట్టే నిలబడింది. తర్వాత సంచీ నేల మీద పెట్టింది. నిచ్చెన దగ్గరికొచ్చి, రెండు చేతులతో రెండు పక్కలా పట్టుకుని, ఆనని కాలి మీద తన పాదం వేసి తొక్కింది.

"నీ మొహం చూడబుద్ధి కావట్లేదు నాకు," అంది.

"సరే అత్తయ్యా."

"కోపం కోపమే. నిచ్చెన నిచ్చెనే. పడి చస్తే వాడికి నేనేం చెప్పుకోవాలి? రాసెయ్."

ఊగడం ఆగింది. ఆర్డిస్ కుంచె ముంచి, అంచుకి తుడిచి, మొదటి చుక్క దగ్గరికి తెచ్చింది. అప్పుడు ఇంకోరకంగా కదిలింది నిచ్చెన. హుల్డా మెట్టుకి నుదురు ఆనించింది. చప్పుడేం లేదు. చెక్కలోంచి ఆర్డిస్ అరికాళ్ళలోకి, మోకాళ్ళలోకి, కర్ర మీద ఆనించిన మణికట్టులోకి సన్నటి వణుకు ఎక్కుతోంది.

ఆర్డిస్ కుంచె గాల్లోనే ఆపి ఉంచింది. బంగారు చుక్క ఒకటి కొసన నిండి, బరువెక్కి, ఆమె వేళ్ళ మీదుగా మెల్లగా జారింది. తుడవలేదు. కిందికి చూడలేదు. నిచ్చెన పూర్తిగా కదలకుండా నిలిచేదాకా ఆగి, అప్పుడు మొదటి అక్షరం నిలువు గీత పైనుంచి కిందికి లాగింది.